అన్నప్రాశనము: తొలి ముద్ద ఎవరి చేతిది?



గత పర్యాయము నామకరణమును గూర్చి చెప్పుకొంటిమి. నేడు అన్నప్రాశనమును గూర్చి విన్నవింతుము. ఈ సంస్కారము జరిపించుటకై మమ్ము పిలిచిన ఇండ్లలో, ముహూర్తము ముగిసి అక్షతలు వేసి తాంబూలము పుచ్చుకొని మేము లేచుచుండగా, శిశువు తల్లి మెల్లగా దగ్గరకు వచ్చి, "అయ్యగారూ, మరి రేపటినుంచి ఏం పెట్టమంటారు?" అని అడుగుట పరిపాటి. చాలకాలము మేము "మీ అత్తగారిని అడుగమ్మా" అని తప్పించుకొంటిమి. సంస్కారము మా పని, వంట వారి పని అని మా భావన. డెబ్బది యేండ్లు దాటిన పిమ్మట గాని, ఆ ప్రశ్న కూడ సంస్కారములోనిదే అని మాకు తోచలేదు. అన్నప్రాశనము ఒక ముహూర్తమున ముగియునది కాదు, ఆనాడు మొదలగునది. ఆ మరునాటి ఉదయమును గూర్చియే నేటి ప్రసంగము.

ముందుగా ఉపనిషత్తును స్మరింతము. తైత్తిరీయమునందలి భృగువల్లిలో, వరుణుని కుమారుడైన భృగువు బ్రహ్మమును తెలుపుమని తండ్రిని అడిగినాడు. తండ్రి అది ఇట్టిది అని కొడుకు చెవిలో పోయలేదు. తపస్సు చేసి తెలిసికొనుమని పంపినాడు. కొడుకు వెళ్ళి మొట్టమొదట తెలిసికొన్నది అన్నమే బ్రహ్మమని. ఆ పిమ్మట ప్రాణము, మనస్సు, విజ్ఞానము, ఆనందము. మెట్లలో మొదటి మెట్టు అన్నము. ఆ మొదటి మెట్టునకు కూడ కుమారుడు తన కాళ్ళతోనే ఎక్కినాడు, తండ్రి ఎత్తి పెట్టలేదు. ఈ సంగతిని మనసున ఉంచుకొనుడు, ముందు ముందు పనికివచ్చును.

ఇక విధి. మన ప్రాంతమున యజుశ్శాఖవారిలో అధికులు ఆపస్తంబసూత్రము వారు. ఆపస్తంబ గృహ్యసూత్రము, పుట్టినది మొదలు 6వ నెలయందు బ్రాహ్మణులకు భోజనము పెట్టి, ఆశీస్సులు పలికించి, పెరుగు, తేనె, నేయి, అన్నము కలిపి మంత్రపూర్వకముగ శిశువునకు తినిపింపవలెనని విధించినది. ఆశ్వలాయనుడును 6వ నెలనే చెప్పెను. తరువాతి నిబంధనకారులు మగశిశువునకు 6 మొదలు సరి నెలలను, ఆడుశిశువునకు 5 మొదలు బేసి నెలలను గ్రహించిరి.

నేటి వైద్యుల మాట, ప్రపంచ ఆరోగ్య సంస్థ మాట ఏమనగా, 6 నెలలు నిండువరకు శిశువునకు తల్లిపాలే చాలును, మంచినీరు కూడ అక్కరలేదు. నిండిన వెంటనే ఇతరాహారము మొదలుపెట్టి, తల్లిపాలను రెండేండ్లు వచ్చువరకును, ఆపైనను కొనసాగింపవలెను. సూత్రమునకు, ఈ మాటకు దూరమెంత? నడచుచున్న 6వ నెల అనగా 5 నిండి 6 నిండని కాలము. నాలుగు వారముల భేదము మాత్రమే. కావున మగశిశువునకు 6వ నెల చివరి దినములలో ముహూర్తము చూచుకొనుట ఉత్తమము. ఆడుశిశువునకు 5వ నెల తొందర. 7వ నెల శాస్త్రమునకు సమ్మతము, వైద్యమునకును సమ్మతము. ఏ కారణముననైన ముహూర్తము ముందుగా వచ్చినచో, ఆనాడు అన్నమును పెదవికి తాకించి సంస్కారము పూర్తి చేసికొని, నిత్యాహారమును 6 నెలలు నిండిన పిమ్మటనే ఆరంభింపుడు. ముహూర్తము 8వ నెలకు గాని కుదరనిచో, దానికొరకు ఆహారమును ఆపి ఉంచుట మాత్రము తగదు. గర్భమునందు తల్లినుండి శిశువు కూడబెట్టుకొన్న ఇనుము ఇంచుమించు 6 నెలలకు తరిగిపోవును. తల్లిపాలు అమృతమే గాని వానిలో ఇనుము స్వల్పము. పంచాంగము కొరకు శిశువు రక్తహీనుడు కారాదు.

నెలలు లెక్కించుటకంటె శిశువును చూచుట ముఖ్యము. మన పెద్దలు అన్నప్రాశనమునకు ముందు 5వ నెలయందు భూమ్యుపవేశనమును ఉంచిరి. శిశువును శుభదినమున భూమిపై కూర్చుండబెట్టుట. ఈ సంస్కారము నేడు లుప్తప్రాయమైనది. దాని వరుసలో ఎంతటి అర్థమున్నదో చూడుడు. కూర్చుండుట ముందు, తినుట తరువాత. మెడ నిలిపి, కొద్దిపాటి ఆసరాతో నిటారుగా కూర్చుండలేని శిశువునకు ఘనాహారము పెట్టరాదని నేటి శిశువైద్యులును చెప్పుదురు. కూర్చుండుట వచ్చినదా, వస్తువును చూచి చేయి చాచి పట్టుకొని నోటికి తెచ్చుకొనుచున్నాడా, నోట పెట్టినదానిని నాలుకతో బయటకు నెట్టివేయుట మానినాడా, ఈ మూడును ఒక్కమారు కనబడవలెను. కౌమారభృత్యమునకు మూలమైన కాశ్యప సంహితయందు 6వ నెలలో ఫలప్రాశనము, 10వ నెలలో అన్నప్రాశనము చెప్పబడినవి. తొలుత మెత్తని పండు, పిమ్మట అన్నము. పండును చేతికిచ్చి చప్పరింపజేయుట మనకు క్రొత్త కాదని చెప్పుటకే దీనిని ఎత్తితిమి.

ఇప్పుడు మా ఇంటి సంగతి ఒకటి చెప్పవలసియున్నది. చెప్పుటకు కొంచెము సిగ్గుగనే యున్నది.

మా దౌహిత్రి హైదరాబాదులో నివసించుచున్నది. ఆమె కుమారునికి అన్నప్రాశనము మా గృహముననే జరిగినది. మేమే స్వయముగ కూర్చుండి వెండిగిన్నెలో పెరుగు, నేయి, అన్నము కలిపి, తేనె సీసా మూత తీసితిమి. అమ్మాయి మా చేయి పట్టుకొన్నంత పని చేసినది. "తాతగారూ, తేనె మాత్రం వద్దండి. ఏడాది నిండేదాకా చుక్క కూడా పెట్టవద్దని డాక్టరుగారు చెప్పారు" అన్నది. సభలో పదిమంది ఉన్నారు. "సూత్రకారునికంటె మీ డాక్టరు పెద్దవాడా?" అని మేము కఠినముగ పలికితిమి. అమ్మాయి కన్నులలో నీరు నిండినది కాని గిన్నెను వదలలేదు. "తేనెను స్వామికి నివేదన చేయండి తాతగారూ, వాడి నోటికి వద్దు" అన్నది. మా గృహిణి కలుగజేసికొని, "పసివాడి నోటికాడ పంతమేమిటండీ" అన్న పిమ్మట మేము తేనెను దేవుని యెదుట ఉంచి, మిగిలినదానితో ప్రాశనము జరిపితిమి. ఆ రాత్రి మాకు నిద్ర పట్టలేదు.

మరునాడు మాకు పరిచయమున్న శిశువైద్యుని పిలిపించుకొని అడిగితిమి. వారు చెప్పినది ఇది. తేనెలో ఒక్కొక్కప్పుడు క్లాస్ట్రిడియం బొటులినమ్ అను సూక్ష్మజీవి బీజములు ఉండును. మనవంటి పెద్దల ప్రేవులలో అవి మొలకెత్తజాలవు. ఏడాది నిండని శిశువు ప్రేవులలో ఆ రక్షణ ఇంకను ఏర్పడదు. అక్కడ అవి మొలకెత్తి విషమును పుట్టించును. మలబద్ధము, ఏడుపు నీరసించుట, పాలు గట్టిగా పీల్చలేకపోవుట, అవయవములు వ్రేలబడుట దాని లక్షణములు. ఊపిరి తీయు కండరములకు కూడ ప్రాకవచ్చును. ఈ వ్యాధిని వైద్యలోకము 1976లో అమెరికాలోని కాలిఫోర్నియాలో గుర్తించినది. అరుదైనదే, కాని వచ్చినప్పుడు దారుణము. ఇంటి పొయ్యిపై కాచినంత మాత్రమున ఆ బీజములు నశింపవు. స్వచ్ఛమైన అడవి తేనెయైనను ఇదే మాట.

మేము సూత్రమును మరల తెరచితిమి. తేనెను చెప్పిన ఆపస్తంబుడే, కొందరి మతముగ తిత్తిరిపక్షి మాంసమును కూడ చెప్పెను. ఆశ్వలాయనుడు మేకమాంసమును కూడ పేర్కొనెను. మా ఇంట గాని, మేము పౌరోహిత్యము చేసిన ఇండ్లలో గాని ఎవరైన ఆ ద్రవ్యములను పెట్టిరా? ఎన్నో తరముల క్రిందటనే దేశకాలములను బట్టి అవి తొలగిపోయినవి. సంస్కారమునకు లోపము కలిగినదని ఎవరును అనలేదు. తేనె లభింపని చోట బెల్లమును ప్రతినిధిద్రవ్యముగ గ్రహించుట మనకు వాడుకయే. శిశువు పుష్టి కొరకు విధించిన కర్మలో శిశువునకు హాని చేయు ద్రవ్యమును పట్టుకొని వ్రేలాడుట సూత్రకారుని అభిప్రాయము కానేరదు. ఇది మా నిర్ణయము. నాటినుండి మేము జరిపించు అన్నప్రాశనములలో తేనె నివేదనతో సరి. శిశువునకు పెరుగు, నేయి, మెత్తని అన్నము మాత్రమే. బెల్లము కూడ నైవేద్యమునకే. అంతకుముందు మా చేతితో ఎందరు పసివారి నాలుకపై తేనె రాచితిమో లెక్క లేదు. ఈశ్వరుడు కాపాడెను. ఇతర పురోహితులతో కూడ ఈ విషయము చెప్పుచున్నాము. కొందరు విందురు, కొందరు కోపగింతురు. మేమును మొదట కోపగించినవారమే కదా.

ఆ దినముననే మరియొకటి జరిగినది. ప్రాశనము ముగిసిన పిమ్మట ఆచారము ప్రకారము శిశువు ముందు పుస్తకము, కలము, బంగారము, పూవు, కత్తి, ధనము ఉంచితిమి. దీనిని జీవికాపరీక్ష అందురు. శిశువు ప్రాకిపోయి దేనిని పట్టుకొనునో ఆ వృత్తిలో రాణించునని నమ్మకము. మా వాడు అన్నిటిని దాటిపోయి, ప్రక్కన పళ్ళెములోనున్న అరటిపండును రెండు చేతులతో పట్టుకొని తొక్కతో సహా నోట పెట్టుకొన్నాడు. అందరును నవ్విరి. "వీడు వంటవాడగును" అని ఒకరు, "భోజనప్రియుడగును" అని ఒకరు. మా అమ్మాయి మాత్రము, "తాతగారూ, జీవితాంతం చేసే వృత్తిని వాడి చేతికే వదిలేస్తున్నాం, పిడికెడు పండు తినడానికి వాడి చేతిని ఎందుకు నమ్మం?" అన్నది. ఈ మాట మమ్ము పట్టుకొన్నది. ఒకే పీటపై, ఒకే ముహూర్తమున, ఎన్నుకొనుమని శిశువు చేతికి స్వేచ్ఛ నిచ్చుచున్నాము. ఆ మరునాటినుండి అదే చేతిని పట్టుకొని అదిమి, నోరు తెరిపించి కుక్కుచున్నాము.

అమ్మాయి అవలంబించిన పద్ధతికి ఆంగ్లమున 'బేబీ లెడ్ వీనింగ్' అని పేరట. శిశువు తానే ముందు నడచుచు పాలనుండి అన్నమునకు వచ్చుట అని దాని తాత్పర్యము. ఇంగ్లండునందు శిశువుల ఆరోగ్యమును చూచు ఉద్యోగమున ఉండిన గిల్ రాప్లీ అను ఆమె దీనికి ప్రచారము తెచ్చినది. 2008లో మరియొక రచయిత్రితో కలిసి గ్రంథము వ్రాసినది. పద్ధతి సులభము. 6 నెలలు నిండి కూర్చుండగల శిశువును ఇంటివారు భోజనము చేయు వేళ వారి నడుమ కూర్చుండబెట్టి, మెత్తగా ఉడికిన పదార్థములను చేతికి పట్టు ముక్కలుగ ముందు ఉంచుట. శిశువు పట్టుకొనును, చూచును, నలుపును, చప్పరించును, కొంత మ్రింగును, చాలభాగము పారవైచును. తల్లి చూచుచుండును గాని నోటిలో పెట్టదు.

"అన్నప్రాశననాడే ఆవకాయా?" అని మా ఇంట వృద్ధురాండ్రు పరిహసించిరి. మాకును అట్లే తోచినది. కాని నాలుగు దినములు కూర్చుండి చూచిన పిమ్మట, తొందరపెట్టునది ఈ పద్ధతి కాదని, మన గిన్నె, మన చెంచాయే తొందరపెట్టుచున్నవని గ్రహించితిమి. పళ్ళెములోని గుమ్మడిముక్కతో వాడు అరగంట గడపును. వాని కడుపులోనికి పోయినది ఉసిరికాయంత ఉండదు. తొలి నెలలలో అంతే చాలునట. ఆకలి తీర్చునది తల్లిపాలు. ఈ ముక్కలు నేర్చుకొనుటకు.

ఏవి పెట్టవలెనని అడుగుదురు. మన వంటయింట లేనివి ఒక్కటియు అక్కరలేదు. తీయగుమ్మడి, చిలగడదుంప, సొరకాయ, క్యారెట్టు ఆవిరిపై బాగుగ ఉడికించి, పెద్దవారి వ్రేలంత పొడవు, వ్రేలంత లావు ముక్కలుగ కోయవలెను. ఆ పొడవునకు కారణమున్నది. 6 నెలల శిశువు పిడికిలితో పట్టును, పిడికిలిలోపల ఉన్నదానిని తినజాలడు. పైకి వచ్చిన భాగమునే చప్పరించును. బొటనవ్రేలు, చూపుడువ్రేలు కలిపి చిన్న మెతుకును ఎత్తుట ఇంచుమించు 9వ నెలకు వచ్చును. అప్పుడు చిన్న ముక్కలు. మెత్తదనమునకు పరీక్ష ఏమనగా, ముక్కను రెండు వ్రేళ్ళ నడుమ నొక్కినచో నలిగిపోవలెను. పండిన అరటిపండును బాగుగ కడిగి, సగము తొక్క తీసి సగము ఉంచినచో చేతిలో జారదు. ఉప్పు లేని పిండితో చేసిన ఇడ్లీని కడ్డీలుగ కోసి నేతిలో అద్ది ఇయ్యవచ్చును. మెత్తని పెసరట్టు ముక్కయు మంచిదే. అన్నమును మరికొంచెము నీటితో మెత్తగా వండి, ముద్దపప్పు, నేయి కలిపి, చిన్న చిన్న ముద్దలుగ చేసి పళ్ళెములో పెట్టుడు. పప్పు ఉడికిన పిమ్మట ఉప్పు, కారము, పోపు పడకముందే శిశువు భాగమును తీసి ఉంచవలెను. ఏడాదిలోపు ఉప్పు, పంచదార కలుపనక్కరలేదు. ఆవుపాలను త్రాగుపాలుగ ఏడాది నిండిన పిమ్మటనే ఇయ్యవలెను. పెరుగు కొద్దిగ పెట్టవచ్చును.

ఇనుము సంగతి ముందు చెప్పితిమి. ఉత్త పండ్లు, ఉత్త అన్నము పెట్టుచు శిశువు తానే తినుచున్నాడని సంతోషించుట చాలదు. దినమునకు ఒకమారైనను పప్పుధాన్యము ఉండవలెను. దానిపై నాలుగు చుక్కల నిమ్మరసము పిండినచో అందలి ఇనుము ఒంటికి పట్టును. మాంసాహారపు అలవాటున్న గృహములలో బాగుగ ఉడికిన గ్రుడ్డు, మాంసము మెత్తగా చేసి పెట్టుదురు. వారి ఆచారము వారిది. రాగిజావ వంటివానిని వ్రేళ్ళతో తినలేడు కావున చెంచాలో నింపి చెంచానే చేతికిచ్చినచో నోట పెట్టుకొనును. సగము ముక్కున పోసికొనును. మా అభిప్రాయమున ఈ పద్ధతిలోని కట్టుదిట్టములన్నిటిని పాటింపనక్కరలేదు. తల్లి చేతి ముద్ద పాపము కాదు. ముక్క వాడు తినవలెను, జావ తల్లి పెట్టవచ్చును. నోరు తెరచినప్పుడే పెట్టవలెను, అది ఒక్కటే నియమము. నెలలు నిండకుండ పుట్టినవారికి, బరువు చాలని వారికి, మరి ఏ లోపమైన ఉన్నవారికి వైద్యుని అడుగకుండ ఈ పద్ధతి మొదలుపెట్టవద్దు.

ఇప్పుడు భయము మాట. మా బాల్యమున, మా తమ్మునికి ఏడాది నిండిన దినములలో, వేయించిన శనగగింజ ఒకటి గొంతున అడ్డుపడినది. శబ్దము లేదు. ముఖము నీలమైనది. మా అమ్మమ్మ పరుగున వచ్చి వానిని ముంజేతిపై బోరగిల పరుండబెట్టి వీపుపై చరచినది. గింజ రాలిపడినది. ఆమె చదువుకొన్నది కాదు, ఎవరు నేర్పిరో తెలియదు. ఆ దృశ్యము కన్నులముందు ఉన్నందున, మా మునిమనుమడు గుమ్మడిముక్కతో మొదటిమారు ఓకరించినప్పుడు మేము లేచి కేక వేసితిమి. అమ్మాయి కదలలేదు. వాడు రెండుమార్లు ఓకరించి, ముక్కను ముందుకు తెచ్చుకొని, ఉమిసి, మరల అదే ముక్కను అందుకొన్నాడు.

ఓకరింపు వేరు, అడ్డుపడుట వేరు. ఈ భేదమును ఇంటిలోని అందరును తెలిసికొనవలెను. ఓకరించునప్పుడు, పొలమారునప్పుడు శబ్దముండును, దగ్గు ఉండును, ముఖము ఎర్రబడును. అది శరీరము తన్ను తాను కాపాడుకొనుట. అప్పుడు నోటిలో వ్రేలు పెట్టినచో ముక్కను లోనికి నెట్టినవారమగుదుము. మాడుపై చరచి ఎవరో తలచుకొనుచున్నారనుట పెద్దల విషయమున చెల్లును, పసివాని తలపై కాదు. ఊపిరి ఆడక, శబ్దము రాక, ముఖము నీలబడినచో అది అడ్డుపడుట. అప్పుడు ఆలస్యము పనికిరాదు. శిశువును ముంజేతిపై బోరగిల, తల క్రిందుగ పట్టుకొని, రెక్కల నడుమ అరచేతి మడమతో 5 మార్లు గట్టిగా చరచవలెను. రానిచో వెల్లకిల త్రిప్పి ఛాతీ నడుమ ఎముకపై 5 మార్లు నొక్కవలెను. ముక్క వచ్చువరకు మార్చి మార్చి చేయుచు, మరియొకరిచే 108కి ఫోను చేయింపవలెను. ఈ పనిని మాటలతో నేర్చుకొనుటకంటె దగ్గరనున్న వైద్యశాలలో చేతితో చూపించుకొనుట మేలు.

న్యూజీలాండునందలి ఒటాగో విశ్వవిద్యాలయమువారు 206 మంది తల్లులను రెండు వర్గములుగ చేసి, ఒక వర్గమువారికి ప్రమాదములు లేకుండ ఈ పద్ధతిని నేర్పి పరిశీలించిరి. 2016లోను 2017లోను ప్రకటించిన ఫలితముల ప్రకారము గొంతున అడ్డుపడుటలో రెండు వర్గములకు భేదము కనబడలేదు. బరువునందును భేదము లేదు. తానే తిన్న శిశువులలో తిండి విషయమున మారాము కొంత తక్కువ. అయితే ఏ వర్గమునందైనను చాలమంది పెట్టరాని వస్తువులను పెట్టుట కనబడినదట. దోషము పద్ధతిది కాదు, వస్తువుది. కావున వేయించిన శనగలు, వేరుశనగ గింజలు, పచ్చి క్యారెట్టు, పచ్చి కొబ్బరిముక్క, కోయని ద్రాక్షపండు, జంతికలు, పేలాలు, గింజ తీయని ఖర్జూరము పసివాని చేతికి రానీయకుడు. ప్రసాదముగ పంచు గుగ్గిళ్ళు కూడ ఇందులో చేరును. ఆలయమునకు వచ్చువారు ఇది గమనింపవలెను. భక్తితో ఎవరో పసివాని నోట పెట్టబోవుదురు. మర్యాదగ చేయి అడ్డుపెట్టుడు. శిశువు తినుచున్నంతసేపు ఒక పెద్దవారు ఎదుట కూర్చుండియే ఉండవలెను. పడుకోబెట్టి, చంకనెత్తుకొని తిరుగుచు, బండిలో ప్రయాణించుచు ముక్కలు ఇయ్యరాదు.

ఆచారపరులకు మరియొక సంకోచము. వాడు ఎడమచేతితో తినుచున్నాడు, మెతుకులు ఒళ్ళంత పూసికొనుచున్నాడు, ఎంగిలి ఇల్లంత చేయుచున్నాడు, అన్నము నేలపాలు చేయుచున్నాడు. మా గృహిణికి మడి పట్టింపు ఎక్కువ. మొదటి వారము ఆమె బాధ చూడవలసినదే. గౌతమ ధర్మసూత్రము ఈ విషయమున స్పష్టముగ ఉన్నది. ఉపనయనమునకు పూర్వము బాలునకు నడవడియందు, మాటయందు, భక్షణమునందు నియమము లేదు, తన ఇచ్చ. శాస్త్రమే విడిచినదానిని మనము పట్టుకొననేల? ఎడమచేయియైనను కుడిచేయియైనను రానిండు. కుడిచేతి అలవాటు నేర్పుటకు మూడేండ్లు వచ్చిన పిమ్మట సమయము కలదు. తినుటకు ముందు వాని చేతులు, మీ చేతులు సబ్బుతో కడుగుట మాత్రము తప్పరాదు. అది మడికంటె ముఖ్యము. అన్నము వ్యర్థమగుచున్నదన్న బాధ న్యాయమైనది. దానికి ఉపాయము ఒకేమారు పళ్ళెము నింపకుండుట. రెండు ముక్కలు, ఒక ముద్ద. అవి అయిన పిమ్మట మరి రెండు. క్రింద శుభ్రమైన పాతవస్త్రము పరచినచో పడినవి ఏరి కాకులకు వేయవచ్చును.

మన ఇండ్లన్నిటిలో వెన్నముద్ద చేతపట్టిన బాలకృష్ణుని పటము ఉన్నది. యశోద వెంటబడి తినిపించుచున్న పటము కన్న, వాడు తానే తినుచున్న పటమే మనకు ప్రియము. ముఖమంత వెన్న పూసికొన్న ఆ మూర్తికి హారతి ఇచ్చి, మన పసివాడు పప్పు పూసికొన్నచో కసరుచున్నాము.

ఎంత తినవలెనన్నది అన్నిటికంటె పెద్ద తగవు. ఏమి పెట్టవలెను, ఎప్పుడు పెట్టవలెను అన్నది తల్లి చేతిలో ఉన్నది. ఎంత తినవలెనన్నది శిశువు కడుపునకు తెలియును. ముఖము త్రిప్పుకొన్నచో, పెదవులు బిగించినచో, ముక్కను విసరివైచినచో భోజనము ముగిసినట్లు. "ఇంకొక్క ముద్ద" అను మాట అక్కడ పనికిరాదు. మన తల్లులు చందమామను చూపి గోరుముద్దలు పెట్టిరి. నిజమే. కాని ఆ తల్లి పిల్లవాని ముఖము చూచుచు పెట్టినది, వాడు నోరు తెరచువరకు ఆగినది. నేడు చందమామ స్థానమున సెల్ ఫోను వచ్చినది. బొమ్మ ఆడుచుండగా పిల్లవాడు నోరు తెరచును, తల్లి చెంచా పెట్టును. ఏమి తినుచున్నాడో వానికి తెలియదు, ఎంత తిన్నాడో ఆమెకు తెలియదు. మేము వెళ్ళిన ఇండ్లలో సగమింట ఇదే చూచుచున్నాము. కాళ్ళపై పరుండబెట్టి, ముక్కు మూసి, ఉగ్గుగిన్నెతో గొంతులో పోయుట మా కాలమున ఉండెడిది. అది కొరమాలి ఊపిరితిత్తులలోనికి పోయిన సందర్భములు మేమెరుగుదుము. ఉగ్గు మంచిదే, పోయు విధము చెడ్డది.

మొన్నటి ఏకాదశికి అమ్మాయి కుమారునితో వచ్చినది. వానికిప్పుడు 11 నెలలు. మేము ఉపవాసముండి పండ్లు తినుచుండగా ప్రాకి వచ్చి మా ప్రక్కన కూర్చున్నాడు. బొప్పాయిముక్క ఒకటి ఇచ్చితిమి. రెండు వ్రేళ్ళతో పట్టుకొని సగము కొరికి, మిగిలిన సగమును మా నోటికి అందించినాడు. మాకు ఎంగిలి పట్టింపు కలదు. అయినను తింటిమి.